ప్రాక్సీలు బ్లాక్ కాకుండా: అల్లుడికి ఒక ఉత్తరం

హనుమకొండ

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఎనుమాముల యార్డుతో పాటు ఖమ్మం, జమ్మికుంట, కేసముద్రం మార్కెట్ల మిర్చి, పత్తి ధరలను రోజూ వెబ్‌సైట్ల నుంచి తెచ్చి ఒకచోట చేర్చి రైతుల వాట్సాప్ గ్రూపులకు పంపడానికి నీవు రాసుకున్న ప్రోగ్రాము మూడు వారాలు సాఫీగా నడిచిందని, ఆ తర్వాత ప్రాక్సీలు (నీ బదులు వేరే అడ్రసు నుంచి సైటును అడిగిపెట్టే మధ్యవర్తి కంప్యూటర్లు) ఒక్కొక్కటిగా బ్లాక్ అవుతూ వచ్చి చివరికి ఒక్కటీ మిగలలేదని మొన్న ఫోనులో చెప్పావు. ఇంకో 50 ప్రాక్సీలు కొనాలా అని అడిగావు. కొనవద్దు. కనీసం ఈ ఉత్తరం పూర్తిగా చదివేవరకైనా కొనవద్దు.

నేను కొని చూశాను కాబట్టి చెబుతున్నాను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో యంత్రాల విడిభాగాల ధరలు సేకరించే పని మీద, చౌకగా దొరుకుతున్నాయని 200 ప్రాక్సీలు కొన్నాను. అరగంట తిరగకముందే అన్నీ పోయాయి. తీరా జాబితా తెరిచి చూస్తే, ఐపీ అడ్రసులో చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడు అన్నింటికీ ఒకటే; చివరి సంఖ్య ఒక్కటే మారుతోంది. అటువంటి ఒక వరుసలో 256 అడ్రసులు ఉంటాయి, అవతలి సర్వరును చూసుకునే మనిషి ఒకే ఒక్క నిబంధనతో ఆ వరుస మొత్తాన్ని మూసివేయగలడు. నా దగ్గర 200 ఉన్నాయనుకున్నాను గాని అతని లెక్కలో నేను ఒక్కడినే.

అంతకన్నా సిగ్గుపడవలసిన విషయం, ప్రతి రిక్వెస్టుకూ సర్వరు ఇచ్చిన జవాబు సంఖ్యను నమోదు చేసే లాగ్ ఫైలులో కనిపించింది. 10:14:02కు 200, అంటే పేజీ సక్రమంగా వచ్చింది. 10:14:03కు 429, అంటే ‘రిక్వెస్టులు మితిమీరాయి, ఆగు’ అని అర్థం. అది చూసి ఆగవలసిన నా ప్రోగ్రాము అదే సెకనులో, అదే పేజీని వేరే ప్రాక్సీ నుంచి అడిగింది. అక్కడా 429 వస్తే మూడో ప్రాక్సీకి వెళ్లింది. రెండు నిమిషాలు గడిచేసరికి ప్రతి వరుసలోనూ 403, అంటే ‘నీకు ప్రవేశం లేదు’. విఫలమైన రిక్వెస్టును వెంటనే కొత్త అడ్రసుకు మార్చడం తెలివి అనుకొని రాసుకున్న ఆ నాలుగు లైన్ల కోడే, అప్పటివరకు మచ్చలేని ప్రాక్సీలన్నింటినీ వరుసగా తీసుకుపోయి అప్పగించింది. నీ కోడులోనూ ఆ నాలుగు లైన్లు ఉంటాయని నా అనుమానం. ముందు వాటిని తీసివేయి.

యార్డు గేటు దగ్గర ఒకే రంగు చొక్కాతో, ఒకే నడకతో, చేతిలో ఒకే చీటీతో నిమిషానికి అరవై మంది లోపలికి వస్తుంటే, వాళ్లు ఏయే ఊళ్ల నుంచి వచ్చారన్నది వాచ్‌మన్ అడగడు. ప్రాక్సీ మార్చేది ఊరి పేరును మాత్రమే, నడకను కాదు.

ఇక నీ నడక సంగతి చూద్దాం. 600 పేజీలను పది నిమిషాలకొకసారి తెస్తున్నానని చెప్పావు. అంటే రోజుకు 86,400 రిక్వెస్టులు, సెకనుకు ఒకటి చొప్పున రాత్రింబవళ్లు ఆపకుండా. యార్డులో ధర అంత తరచుగా మారుతుందా? పొద్దున జెండా పాట (ఆ రోజు మొదటి వేలం) అవుతుంది, కొనుగోళ్లు జరుగుతాయి, ఆ తర్వాత ఆ రోజు కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువ సరుకు అమ్ముడైన) ధరలు నమోదవుతాయి. అడ్తిదారులు కూడా నిద్రపోయే అర్ధరాత్రి రెండు గంటలకు నీ ప్రోగ్రాము మిర్చి ధర అడుగుతోందంటే ఎవరికైనా అనుమానం రాక తప్పదు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తెచ్చుకుంటే రోజుకు 1,200 రిక్వెస్టులతో పని పూర్తవుతుంది. పేజీకి పేజీకి మధ్య సగటున 8 సెకన్లు ఆగినా ఒక విడత 80 నిమిషాల్లో ముగుస్తుంది. ఆ విరామం ఒకసారి 5, ఒకసారి 11 అన్నట్టు మారుతూ ఉండాలి. అందరి ప్రోగ్రాములూ గంట కొట్టగానే ఒక్కసారిగా పడితే ఏ సర్వరైనా తట్టుకోలేదు కాబట్టి, మొదలుపెట్టే సమయాన్ని కూడా సరిగ్గా మూడు గంటలకు కాక కొన్ని నిమిషాలు అటూ ఇటూ జరుపు. యార్డుకు సెలవున్న రోజు అసలు నడపవద్దు. ఇంత చేశాక నీకు ప్రాక్సీ అవసరమే రాకపోవచ్చు.

పేజీ మారిందో లేదో తెలుసుకోవడానికి పేజీ అంతా తెచ్చుకోనక్కరలేదు. సర్వరు ఈట్యాగ్ (పేజీ ప్రస్తుత రూపానికి ఇచ్చే గుర్తు) గాని, చివరిసారి మారిన సమయం గాని పంపితే దాన్ని దాచుకొని, మళ్లీ అడిగేటప్పుడు జతచేస్తే, మార్పు లేనప్పుడు 304 అని ఖాళీ జవాబు వస్తుంది. ఇక 429 వచ్చినప్పుడు దానితోపాటు రిట్రై ఆఫ్టర్ అనే హెడర్ (జవాబుకు ముందు వచ్చే సమాచారపు వరుస) ఉందేమో చూడు. ఎన్ని సెకన్లు ఆగాలో, లేదా ఏ సమయం వరకు ఆగాలో అందులోనే ఉంటుంది. అది లేకపోతే 30 సెకన్లతో మొదలుపెట్టి ప్రతిసారీ రెట్టింపు చేస్తూ పో. ఆ ఆగడం ఆ ఒక్క ప్రాక్సీకి కాదు, ఆ సైటుకు వెళ్లే ప్రోగ్రాము మొత్తానికి వర్తించాలి. మొదటి 403 పడగానే ఆ రోజుకు ఆపివేసి, నీ ఫోనుకు మెసేజి వచ్చేటట్టు పెట్టుకో.

ప్రతి సైటుకూ రోబోట్స్ టెక్స్ట్ ఫైలు ఒకటి ఉందేమో ముందు చూడాలి. ఏ దారిన యంత్రాలు రావచ్చో, ఏ దారిన రాకూడదో చెప్పే ఈ పద్ధతి 1994 నుంచి వాడుకలో ఉంది. 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ పత్రంగా ప్రమాణమైంది. కొందరు అందులో క్రాల్ డిలే అని విరామం కూడా రాస్తారు. ప్రమాణంలో ఆ మాట లేదు, గూగుల్ దాన్ని పట్టించుకోదు, అయినా నీవు పాటించు. ఇంటివారు అడిగినప్పుడు ఆ మాత్రం మర్యాద ఇవ్వడంలో మనకు పోయేదేమీ లేదు.

యూజర్ ఏజెంటు, అంటే ప్రోగ్రాము సర్వరుకు చెప్పుకునే తన పేరు, విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. పైథాన్ భాషలో పేజీలు తెచ్చే రిక్వెస్ట్స్ లైబ్రరీ తనంతట తాను పెట్టుకునే పేరును అలాగే వదిలివేయడం తప్పు. క్రోమ్ అని వేషం వేయడం కూడా తప్పే. హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు జరిగే టీఎల్‌ఎస్ (గుప్తీకరణ) పలకరింపులోనే, అడుగుతున్నది బ్రౌజరా, ప్రోగ్రామా అన్నది చాలావరకు బయటపడుతుంది. 2017 నుంచి ప్రచారంలోకి వచ్చిన జేఏ3 పద్ధతి చేసే పని అదే. పేరు క్రోమ్‌ది, పలకరింపు పైథాన్‌ది అయితే దొంగవేషం అక్కడికక్కడే తెలిసిపోతుంది. నీ ప్రోగ్రాము పేరు, నీ మెయిల్ అడ్రసు అందులో రాయి. ఇబ్బంది కలిగితే బ్లాక్ చేయడానికి ముందు ఒక మెయిల్ పంపే మంచివాళ్లు లోకంలో ఇంకా ఉన్నారు. నాకు రెండుసార్లు అలా వచ్చింది, రెండుసార్లూ ఎంత వేగంతో రావచ్చో వాళ్లే చెప్పారు.

ఇంత చేసినా, ఆఫీసు కనెక్షన్‌ను వేరుగా ఉంచుకోవడానికి ఒకటి రెండు ప్రాక్సీలు కావాలనుకుంటే తీసుకో. ఒకే వరుసలోవి కాకుండా వేర్వేరు వరుసల్లోవి అడుగు. ఒక సైటుకు ఒకటి కేటాయించి దానినే నిలకడగా వాడు; కుకీ (సైటు నిన్ను గుర్తుపట్టడానికి ఇచ్చే చీటీ) ఒకటే ఉండి అడ్రసు మాత్రం నిమిషానికోసారి మారుతుంటే, వరంగల్‌లో టికెట్ కొన్నవాడు మరుక్షణం ముంబైలో రైలు దిగినట్టు ఉంటుంది. ఉచిత ప్రాక్సీల జోలికి పోవద్దు. మధ్యలో ఎవరు కూర్చొని చదువుతున్నారో తెలియని చోటికి లాగిన్ వివరాలు పంపడం కన్నా అవివేకం లేదు. ఇళ్ల కనెక్షన్ల నుంచి వచ్చే ప్రాక్సీలు డేటా సెంటర్ ప్రాక్సీల కన్నా ఆలస్యంగా బ్లాక్ అవుతాయన్నది నిజమే గాని, ఏదో ఉచిత యాప్ వేసుకున్న పాపానికి తమ ఇంటి కనెక్షన్ ఇలా అద్దెకు పోతోందని ఆ ఇళ్లవాళ్లలో చాలామందికి తెలియదు. వారి సమ్మతి ఉందని అమ్మేవాడు చూపలేకపోతే వద్దను. నీ మొబైల్ హాట్‌స్పాట్ కూడా వాడవద్దు. మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీ అడ్రసు వెనుక ఎందరో ఉంటారు, నీవల్ల అది మూతపడితే ముక్కూ మొహం తెలియని వాళ్లకు ఇబ్బంది.

బ్లాక్ అయినా 200 అనే చూపించే సైట్లు ఉన్నాయని మరచిపోవద్దు. ‘మీరు మనిషేనని నిరూపించండి’ అన్న పేజీని నాలుగు రోజులపాటు ధరల పట్టికగా దాచుకున్న ఘనత నాది. పేజీలో ‘క్వింటాలు’ అన్న మాట లేకపోతే, లేదా పేజీ పరిమాణం మామూలులో సగం కూడా లేకపోతే, దాన్ని విఫలమైనట్టే లెక్కించు.

చట్టం మాట కూడా చెప్పాలి. యజమాని అనుమతి లేకుండా కంప్యూటరు నుంచి డేటా తీసుకోవడం గురించి 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్‌లో ఉంది. లాగిన్ వెనుక ఉన్న పేజీలను, రైతుల పేర్లు, ఫోను నంబర్లు ఉన్న పేజీలను ముట్టుకోవద్దు. ఒక సైటు స్పష్టంగా వద్దన్న తర్వాత అడ్రసు మార్చుకొని మళ్లీ వెళ్లే పనికి నా సహాయం ఉండదు.

అసలు ముందే అడగవలసింది ఇప్పుడు అడుగుతున్నాను: కేంద్ర ప్రభుత్వపు డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో మార్కెట్ల రోజువారీ ధరలు, ప్రోగ్రాములు నేరుగా అడిగి తీసుకునే ఏపీఐ రూపంలోనే ఉన్నాయి, చూశావా? రిజిస్టర్ చేసుకుంటే కీ ఇస్తారు. నీకు కావలసిన మార్కెట్లలో ఏవి అందులో దొరుకుతాయో ఈ వారం సరిచూసుకో. దొరకని వాటికే స్క్రేపింగ్ (సైట్ల పేజీల నుంచి ధరలు తీసుకోవడం) పెట్టుకుందాం.

ఆదివారం హనుమకొండకు వచ్చేటప్పుడు ఆ మూడు వారాల లాగ్ ఫైలు తీసుకొని రా. మొదటి 429 ఏ రోజు, ఏ గంటకు పడిందో, దాని తర్వాత పది నిమిషాల్లో నీ ప్రోగ్రాము ఏం చేసిందో ఇద్దరం కలిసి చూద్దాం. మీ అత్తయ్య సకినాలు చేస్తానంటోంది.

ఇట్లు,
మీ మామయ్య