లింపోపో వేటకు వెళ్తున్నాం, బ్యాగులు పోకుండా ఏం చేయాలి?

మీరడిగింది ఇదీ: నలుగురు మిత్రులు జూన్‌లో శంషాబాద్ నుంచి దుబాయ్ మీదుగా జోహానెస్‌బర్గ్, అక్కణ్ణుంచి దక్షిణాఫ్రికా ఉత్తరాన ఉన్న లింపోపో రాష్ట్రంలో ఒక గేమ్ ఫామ్‌కు (వేట కోసం అడవి జంతువుల్ని ఉంచే పెద్ద క్షేత్రం) వేటకు వెళ్తున్నారు, ఉండేది వారమే, బ్యాగు రాకపోతే డబ్బూ ట్రిప్పూ రెండూ గోవిందా అని టెన్షన్. సొంత రైఫిళ్ళు పట్టుకెళ్ళాలా, ఏది ఎందులో సర్దుకోవాలి?

ముందు రైఫిల్ సంగతి తేల్చేద్దాం. తీసుకెళ్ళకండి. గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో నేనూ రైఫిల్ పట్టుకునేవాణ్ణే, సొంత తుపాకీ మీద మమకారం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ మీకు వేట ఏర్పాటు చేసే అవుట్‌ఫిటర్ దగ్గరే స్కోప్‌తో సహా రైఫిల్ అద్దెకు దొరుకుతుంది, తూటాలూ వాళ్ళే ఇస్తారు, వెళ్ళిన రోజే టార్గెట్ మీద నాలుగు రౌండ్లు కాల్చి చూసుకుంటే చెయ్యి అలవాటైపోతుంది. సొంతది తీసుకెళ్ళాలంటే ఇక్కడ లైసెన్సు, బయటికి పట్టుకెళ్ళే అనుమతి, ఎయిర్‌లైన్ ముందస్తు ఒప్పుకోలు, మధ్యలో దిగే దేశం నిబంధనలు, ఆపైన జోహానెస్‌బర్గ్‌లో దిగాక పోలీసుల ఎస్ఏపీఎస్ 520 ఫారం (నల్ల ఇంకుతో నింపాలి, సంతకం మాత్రం అక్కడి అధికారి ఎదురుగానే పెట్టాలి), అవుట్‌ఫిటర్ ఆహ్వానపత్రం, ఇన్ని ఉండాలి. తూటాలు మనిషికి ప్యాకింగ్‌తో కలిపి 5 కిలోలకు మించకూడదు, చెక్-ఇన్ లగేజీలోనే వెళ్ళాలి, చాలా ఎయిర్‌లైన్స్ వాటికి వేరే తాళం పెట్టె కావాలంటాయి. ఇదంతా చేశాక ఆ రైఫిల్ కేసు దుబాయ్‌లో ఆగిపోయిందనుకోండి. బట్టల బ్యాగునైతే డ్రైవర్‌ని పంపి తెప్పించుకోవచ్చు, తుపాకీ అలా చేతులు మారదు, లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆయనే ఫామ్ నుంచి జోహానెస్‌బర్గ్‌కు వెనక్కి వచ్చి విడిపించుకోవాలి. వారం ట్రిప్పులో రెండు రోజులు దానికే పోతాయి.

(వేట మీద కోపం ఉన్నవాళ్ళు తిట్టుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది, దక్షిణాఫ్రికాలో పర్మిట్‌తో, లైసెన్సున్న ప్రొఫెషనల్ హంటర్ వెంట ఉంటే చట్టబద్ధం. నేను చెప్తున్నది లగేజీ గురించి.)

ఇక బ్యాగులు. ఆలస్యమయ్యే బ్యాగుల్లో అన్నిటికంటే పెద్ద వాటా ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మార్చే దగ్గర తప్పిపోయేవే. ఎక్కడా మారకుండా వెళ్ళే బ్యాగుకు దాదాపు ఏమీ కాదు. కాబట్టి టికెట్ కొనేటప్పుడే సగం పని అయిపోవాలి. అమీర్‌పేటలో ఏజెంటు ముంబైకి ఒక టికెట్టు, అక్కణ్ణుంచి ఇంకో టికెట్టు కలిపి పన్నెండు వేలు తగ్గించానని చెప్తే మొహమాటపడకుండా వద్దనండి. రెండు పీఎన్ఆర్‌లంటే మీ బ్యాగుకు చివరిదాకా ఒకే ట్యాగు పడుతుందన్న గ్యారంటీ లేదు, మొదటి ఫ్లైట్ లేటయితే రెండోవాడికి సంబంధం లేదు. ఒకే పీఎన్ఆర్, మధ్యలో ఒకే స్టాపు, ఆ స్టాపులో కనీసం మూడు గంటలు. గంటన్నర కనెక్షన్‌లో మీరు పరిగెత్తి ఎక్కేస్తారు, బ్యాగు పరిగెత్తలేదు కదా.

జోహానెస్‌బర్గ్ నుంచి లింపోపో రాజధాని పోలోక్వానేకి చిన్న ఫ్లైట్ ఉంటుంది, దాని జోలికి పోకండి. ఎలాగూ దేశంలోకి అడుగుపెట్టిన మొదటి విమానాశ్రయంలో బ్యాగు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ చెక్-ఇన్ చేయాల్సిందే, అంటే బ్యాగు తప్పిపోవడానికి కొత్తగా ఇంకో అవకాశం ఇవ్వడమే. పోలోక్వానే దాకా ఎన్1 హైవే మీద 300 కిలోమీటర్ల పైచిలుకు, రోడ్డు బ్రహ్మాండంగా ఉంటుంది, అవుట్‌ఫిటర్ బండి పంపిస్తాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెప్తున్నా. ఒక రోజు ముందు దిగండి. ఎయిర్‌పోర్టు పక్కనే కెంప్టన్ పార్క్‌లో గెస్ట్‌హౌస్‌లు బోలెడు, ఆ రాత్రి అక్కడ పడుకోండి. తప్పిపోయిన బ్యాగుల్లో ఎక్కువ భాగం నిజంగా పోవు, తర్వాతి ఫ్లైట్‌లోనో మర్నాటి ఫ్లైట్‌లోనో వచ్చేస్తాయి. మీరు ఊళ్ళోనే ఉంటే వెళ్ళి తెచ్చుకుంటారు. ఫామ్‌కి వెళ్ళిపోయాక అయితే, ఎయిర్‌లైన్ మనిషి మట్టిరోడ్డు మీద గేట్లు తీసుకుంటూ అంతదూరం తెచ్చిస్తాడని ఆశపెట్టుకోకండి.

మా బావ విషయంలో జరిగింది అదే. మేం దిగిన సాయంత్రమే నేరుగా ఫామ్‌కు బయల్దేరే ప్లాను, ఆయన బ్యాగు ఒక్కటే బెల్టు మీదికి రాలేదు. మధ్య స్టాపులో ఉండిపోయింది, ఏ ఎయిర్‌లైనో వదిలేయండి. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని ఆయన చెప్పుల్లో ఎక్కాడు, జాకెట్టూ బూట్లూ ఆ బ్యాగులోనే. జూన్ అక్కడ చలికాలం! తెల్లవారుజామున బక్కీ వెనక నిలబడి వెళ్తుంటే (పికప్ ట్రక్కుని అక్కడ బక్కీ అంటారు) ఆ గాలికి మన సంక్రాంతి చలి దేనికీ చాలదు. అవుట్‌ఫిటర్ కొడుకు జాకెట్ ఇచ్చాడు, అది మోకాళ్ళ దాకా వచ్చింది. బూట్లే సమస్య, బావది 6 నంబరు పాదం, ఆ ఇంట్లో అందరివీ పడవల్లా ఉన్నాయి. రెండు జతల సాక్సులు తొడిగి, ముందు వైపు వార్తాపత్రిక కుక్కుకుని నడిచాడు, ఇంపాలా (అక్కడి జింక) దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాల్సిన ప్రతిసారీ ఆ బూటు టప్ టప్‌మని చప్పుడు. జంతువుల జాడ పట్టి దారి చూపే ట్రాకర్ ఏమీ అనలేదు, వెనక్కి తిరిగి ఆ బూట్ల వంక మాత్రం ఒక చూపు చూశాడు. బ్యాగు మేం తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా వచ్చింది.

అందుకే బూట్లు కాళ్ళకే ఉండాలి, జాకెట్టు ఒంటి మీదే ఉండాలి. క్యాబిన్ బ్యాగు ఎకానమీలో గల్ఫ్ ఎయిర్‌లైన్స్ ఇచ్చేది 7 కిలోలే, అందులో ఒక పూర్తి జత వేట బట్టలు, థర్మల్స్, బైనాక్యులర్స్, ప్రిస్క్రిప్షన్‌తో సహా బీపీ షుగర్ మందులు మొత్తం ట్రిప్పుకు సరిపడా, కళ్ళద్దాలు, చార్జర్, పవర్ బ్యాంక్ (అది చెక్-ఇన్‌లో వేయనివ్వరు), కాగితాలు. చాకు, మల్టీటూల్ పొరపాటున కూడా ఇందులో ఉండకూడదు. క్యామఫ్లాజ్ బట్టలు కొనకండి, ఖాకీ, ఆలివ్ చాలు. లింపోపో నది దాటితే జింబాబ్వే, అక్కడ పౌరులు ఆ బట్టలు వేసుకోవడం నేరం, అటువైపు వెళ్ళే ఆలోచన ఎవరికైనా వస్తే ఇబ్బంది.

నలుగురున్నారు కాబట్టి మీకో సౌకర్యం ఉంది. ఎవరి బట్టలు వాళ్ళ బ్యాగులోనే పెట్టుకోకుండా, ఒక్కొక్కరిదీ ఒక్కో జత మిగతావాళ్ళ బ్యాగుల్లో సర్దండి, ఒక బ్యాగు రాకపోయినా ఎవరూ పూర్తిగా ఖాళీ అవ్వరు. కౌంటర్ దగ్గర మాత్రం నలుగురూ ఒకేసారి నిలబడితే తొందరలో అన్ని బ్యాగులకూ ఒకరి పేరునే ట్యాగు వేసేస్తుంటారు. ఒప్పుకోకండి. పరిహారం పరిమితి మనిషికి ఇంత అని ఉంటుంది, బ్యాగు మీదే అయినా ట్యాగు వేరేవాళ్ళ పేరున ఉంటే తర్వాత ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకోవాలి.

కౌంటర్ దగ్గర ఇంకో నిమిషం ఆగండి. ట్యాగు మీద పెద్ద అక్షరాల్లో చివరి గమ్యం కోడ్ జేఎన్‌బీ అని ఉందా, దుబాయ్ కోడ్ డీఎక్స్‌బీ దానికంటే ముందు స్టాపుగా మాత్రమే ఉందా, మీ కళ్ళతో చూసుకోండి. పాత ట్రిప్పుల ట్యాగులు చించేస్తాం గానీ, బ్యాగు పక్కనో అడుగునో అంటించే వేలెడంత బార్‌కోడ్ స్టిక్కర్లని ఎవరూ పట్టించుకోరు, అవి కూడా గోటితో గీకి తీసేయాలి. స్కానర్‌కి ఏది ముందు దొరికితే అదే చదువుతుంది. మీకిచ్చే చీటీ మీద పది అంకెలుంటాయి, మొదటి అంకె తర్వాతి మూడూ ఎయిర్‌లైన్ కోడ్, ఎమిరేట్స్‌ది 176, ఖతార్‌ది 157, అలా. దాన్ని ఫోటో తీసుకోండి. బ్యాగుని బయటి నుంచి ఒకటి, జిప్పు వేసేముందు లోపల ఒకటి తీసుకోండి. బ్యాగు రానప్పుడు వాళ్ళు ఒక చార్టు ముందు పెట్టి ఈ బొమ్మల్లో మీది ఏదని అడుగుతారు, రాత్రంతా నిద్రలేని కళ్ళకు అన్ని నల్ల ట్రాలీలూ ఒక్కలాగే కనిపిస్తాయి.

వస్తువు ఎక్కడుందో ఐఫోన్‌లో చూపించే ఎయిర్‌ట్యాగ్ లాంటిది ఒకటి ప్రతి బ్యాగులో పడేయండి. బ్యాగు ఎక్కడుందో ఆ లింకును ఐఓఎస్ 18.2 నుంచి ఎయిర్‌లైన్‌కే పంపించే వీలుంది, చాలా కంపెనీలు తీసుకుంటున్నాయి. బ్యాగు లోపల పైనే ఒక కాగితం మీద మీ పేరు, ఈమెయిల్, అవుట్‌ఫిటర్ ఫోన్ నంబరు, ఏ తేదీన ఎక్కడుంటారో రాసి పెట్టండి, బయటి ట్యాగు ఊడిపోతే వాళ్ళు చూసేది అదే. బయట మాత్రం ఇంటి అడ్రసు వద్దు, తుపాకీ కంపెనీల స్టిక్కర్లు అసలే వద్దు, దొంగచేతుల్ని పిలిచినట్టే. శంషాబాద్‌లో ప్లాస్టిక్ చుట్టించుకోవడం దండగ అనేవాళ్ళున్నారు, నేనైతే చుట్టిస్తాను. ఆవకాయ సీసా తీసుకెళ్ళక తప్పదంటే దాన్ని బట్టల బ్యాగులో పెట్టకండి, ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదనుకుంటా.

అయినా బ్యాగు రాలేదు. అప్పుడు హాల్లోంచి బయటికి రాకముందే బ్యాగేజీ కౌంటర్‌లో పీఐఆర్ (బ్యాగు రాలేదని నమోదు చేసే రిపోర్టు) రాయించి కాపీ తీసుకోండి, ఐదు అక్షరాలు ఐదు అంకెల రిఫరెన్సు ఇస్తారు. అందులో అడ్రసు హైదరాబాద్‌ది ఇస్తే బ్యాగు నేరుగా హైదరాబాద్‌కే వెళ్ళిపోవచ్చు. గెస్ట్‌హౌస్‌దీ అవుట్‌ఫిటర్‌దీ ఇవ్వండి. అవసరానికి కొన్న స్వెటర్, టూత్‌బ్రష్, బూట్లు, అన్నిటి బిల్లులూ దాచండి. మన దేశం 2009లో చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న బ్యాగుకు అందిన 7 రోజుల్లో, ఆలస్యంగా వచ్చినదానికి చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు వెళ్ళాలి, ఫోన్‌లో చెప్పడం లెక్కలోకి రాదు. రావాల్సిన రోజు నుంచి 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. కేసు వేయాలంటే 2 సంవత్సరాల గడువు. పరిహారం గరిష్ఠ పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి మనిషికి 1,519 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ లెక్కలకు వాడే యూనిట్), రూపాయల్లో లక్షన్నర పైమాటే, అయితే అది పైకప్పు మాత్రమే, అంతా చేతికొస్తుందని కాదు. ఖరీదైన ఆప్టిక్స్ (బైనాక్యులర్స్, లెన్సుల్లాంటివి) చెక్-ఇన్‌లో వేయక తప్పకపోతే కౌంటర్‌లోనే విలువ డిక్లేర్ చేసి అదనపు చార్జీ కట్టే పద్ధతి కూడా ఉంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, కానీ ఎన్ని గంటల ఆలస్యానికి డబ్బిస్తారో, స్పోర్ట్స్ సామాను మినహాయించారో లేదో చూసి తీసుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు మర్చిపోయేది ఒకటుంది. వేటలో జేబులో వేసుకున్న తూటా. కాల్చేసిన ఖాళీ తూటా గొట్టం అయినా సరే, జాకెట్ మూలలో మిగిలిపోయి స్కానర్‌లో కనిపిస్తే దుబాయ్‌లో ఆపుతారు, నిండు తూటా అయితే శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసే. ఫామ్‌లో బయల్దేరేముందు ప్రతి జేబూ బయటికి తిప్పి దులపండి, గచ్చిబౌలి రేంజ్‌కి వాడే బ్యాగుల్ని అసలు ఈ ట్రిప్పుకు తీసుకెళ్ళకండి. కొమ్ములు, తోలు, ఎండుమాంసం బిల్టాంగ్ లాంటివి సూట్‌కేసులో వేసుకు రావద్దు, అనుమతి కాగితాల్లేకుండా తెస్తే కస్టమ్స్ దగ్గరే ఆగుతాయి, ఫోటోలతో సరిపెట్టుకోండి. వెళ్ళేటప్పుడే మీ బైనాక్యులర్స్, కెమెరా లెన్సులు కస్టమ్స్‌కి చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే తిరిగొచ్చాక ఇవి బయట కొన్నారా అనే ప్రశ్న ఉండదు. దానికి వస్తువు చూపించాలి కాబట్టి చెక్-ఇన్‌లో వేసేయకముందే వెళ్ళండి.

మీ టికెట్లు నలుగురివీ ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నాయా, దుబాయ్‌లో గ్యాప్ ఎంత, జోహానెస్‌బర్గ్‌లో ఎన్నింటికి దిగుతున్నారు, ఇవి రాయండి, కెంప్టన్ పార్క్‌లో ఒక్క రాత్రి సరిపోతుందా లేదా అన్నది చూసి చెప్తాను.