పీచ్ కాబ్లర్ అడుగున పిండి పచ్చిగా మిగలడం: సమాధానం
మిగిలిన సవర్‌డో స్టార్టర్ (పులియబెట్టిన పిండి, నీళ్ల మిశ్రమం) కలిపి చేసిన పీచ్ కాబ్లర్ (పండ్ల ముక్కలపై పిండి వేసి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం) పైన ఎర్రగా కాలినా అడుగున పిండి జిగటగా ఉండిపోతోందన్నారు. దానికి కారణం చాలావరకు ఆ స్టార్టర్ కాదు, పిండి కింద చల్లగా ఉన్న పండ్లే.

1. చక్కెర, కార్న్‌ఫ్లోర్ పట్టించిన పీచ్ ముక్కలను ముందుగా విడిగా, 190 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 15 నిమిషాలు, అంచుల్లో రసం బుడగలుగా ఉడికేదాకా ఓవెన్‌లో ఉంచండి. చాలామంది వదిలేసేది ఇదే. ఆ వేడి రసమే పిండిని కింది నుంచి ఉడికిస్తుంది.

2. పిండి, నీరు సమాన బరువులో కలిపిన స్టార్టరైతే 120 గ్రాములలో 60 గ్రాములు నీరే కనుక పాలను ఆ మేరకు తగ్గించండి.

3. వంటసోడాను చివర్లోనే కలపండి. స్టార్టర్‌లోని పులుపు తగలగానే మొదలయ్యే పొంగు గిన్నెలోనే వృథా కాకూడదు.

4. పిండిని వేడి పండ్లపై పరచకుండా, ఆవిరి పోయేలా ఖాళీలు వదిలి ముద్దలుగా వేయండి. మళ్లీ ఓవెన్‌లో పెట్టిన 30 నిమిషాలకు మధ్య ముద్దను ఎత్తి, అడుగు తడి పిండిలా సాగకుండా విరుగుతోందో లేదో చూడండి.