వైర్‌లెస్ సిగ్నల్ పంపే, అందుకునే పద్ధతి మీద వేసిన పేటెంటు అప్లికేషన్‌కు ఎఫ్ఈఆర్, అంటే మొదటి పరీక్ష నివేదిక, వచ్చింది. జవాబు ఎక్కడ మొదలుపెట్టాలి?

అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ స్టార్టప్ ఒకటి చెన్నై పేటెంట్ ఆఫీసులో ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక వివరణ), తర్వాత కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరణ) వేసింది. తర్వాత పీసీటీ (అంతర్జాతీయ అప్లికేషన్) కూడా వేసింది. ఇప్పుడు ఎఫ్ఈఆర్ చేతికొచ్చింది. అందులో సెక్షన్ 3(కె) (అల్గారిథమ్‌లకు, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాములకు పేటెంటు ఇవ్వకూడదనే నిబంధన) కింద "ఇది అల్గారిథమ్" అన్న అభ్యంతరం, డీ1 (పాత పేటెంటు), డీ2 (మొబైల్ ప్రమాణాల సంస్థ త్రీజీపీపీకి ఎవరో ఇచ్చిన పత్రం) కలిపి చూస్తే ఇన్వెంటివ్ స్టెప్ (నిపుణుడికి తేలిగ్గా తట్టని ముందడుగు) లేదన్న అభ్యంతరం, ఒకే ఆవిష్కరణ కాదన్న అభ్యంతరం, రీడబుల్ మీడియం క్లెయిమ్ (క్లెయిమ్ అంటే హక్కు అడిగే వాక్యం, ఇది ప్రోగ్రాము ఉంచిన డిస్కు లాంటి దాని మీద) మీద ఇంకో అభ్యంతరం. "3(కె) మీద మంచి కోర్టు తీర్పులు చెప్పండి" అని అడిగారు.

తీర్పులు చెబుతాను గానీ, జవాబు 3(కె)తో మొదలుపెట్టకండి. ముందు డీ1, డీ2ల సంగతి తేల్చుకోండి. ఎందుకంటే మీ పద్ధతి వల్ల రేడియో లింకులో ఏం మారుతుందో అక్కడ అంకెలతో చూపించగలిగితే, 3(కె)కి కావలసిన సమాధానంలో ముప్పావు వంతు అక్కడే తయారవుతుంది. తీర్పుల పేర్లతో నాలుగు పేజీలు నింపి, క్లెయిమ్‌ను ముట్టుకోకుండా వదిలేసిన జవాబులకు దాదాపు ఎప్పుడూ హియరింగ్ నోటీసే వస్తుంది.

అంతకన్నా ముందు గడువులు. ఎఫ్ఈఆర్ జారీ అయిన తేదీ నుంచి 6 నెలల్లో జవాబు వెయ్యాలి. మీరు మెయిల్ తెరిచిన రోజు లెక్కలోకి రాదు. ఇంకో 3 నెలలు కావాలంటే ఫారం 4ను ఆ 6 నెలలు నిండకముందే వెయ్యాలి. గడువు దాటితే సెక్షన్ 21 కింద అప్లికేషన్ వదిలేసినట్టే. చాలామంది ఈ ఆరు నెలలు గుర్తుపెట్టుకుని ఇంకొకటి మరిచిపోతారు: 2024 మార్చి 15 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ నియమాల ప్రకారం, ఎఫ్ఈఆర్ తేదీ నుంచి 3 నెలల్లోపు ఫారం 3లో విదేశీ అప్లికేషన్ల తాజా వివరాలు ఇవ్వాలి. మీకు పీసీటీ ఉంది కాబట్టి ఇది మీకు వర్తిస్తుంది. దీన్ని టెక్నికల్ జవాబుతో కలిపి పంపుదాం అనుకుంటే మూడు నెలలు ఇట్టే దాటిపోతాయి.

ఇప్పుడు అసలు పని. మీరు చెప్పిన పద్ధతిని నాకు అర్థమైనట్టు రాస్తాను. 5జీలో సెమీ పర్సిస్టెంట్ షెడ్యూలింగ్‌లో డేటా వచ్చే ప్రతిసారీ కంట్రోల్ సందేశం రాదు. యాక్టివేషన్ అప్పుడు ఇచ్చిన ఒక్క కె1 విలువే అన్నింటికీ. అంటే డేటా వచ్చిన స్లాటు (చిన్న కాలపు ముక్క) నుంచి కె1 స్లాట్ల తర్వాత ఫోను యాక్ (డేటా అందిందో లేదో చెప్పే జవాబు) పంపాలి. టీడీడీలో (ఒకే ఫ్రీక్వెన్సీని రాకకూ పోకకూ వంతులవారీగా వాడే పద్ధతి) ఆ స్లాటు డౌన్‌లింక్ (బేస్ స్టేషన్ నుంచి ఫోనుకు) అయితే యాక్ పంపే చోటు ఉండదు, అది పోయినట్టే. డీ1 చేసేది అదే: వదిలేస్తుంది. డీ2 తర్వాతి అప్‌లింక్ (ఫోను నుంచి బేస్ స్టేషన్‌కు) స్లాటుకు వాయిదా వేస్తుంది. మీ పద్ధతి వాయిదాకు ఒక హద్దు పెడుతుంది. ఈలోగా అదే హార్క్ (అందని డేటాను మళ్లీ పంపించే ఏర్పాటు) ప్రాసెస్ నంబరు మీద కొత్త డేటా వస్తే పాత యాక్‌ను రద్దు చేస్తుంది.

దీన్ని అంకెల్లోకి దించండి. 30 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్ స్పేసింగ్‌లో స్లాటు 0.5 మిల్లీసెకన్లు. "డీ డీ డీ ఎస్ యూ" ప్యాటర్న్ (డీ డౌన్‌లింక్, ఎస్ మధ్యలో మారే స్లాటు, యూ అప్‌లింక్) తీసుకుంటే 5 స్లాట్లు, 2.5 మిల్లీసెకన్లు. డేటా 0, 1, 2 స్లాట్లలో వచ్చిందనుకుందాం, కె1 = 2. 0వ స్లాటు యాక్ 2వ స్లాటులో పడుతుంది, అది డౌన్‌లింక్. 1వ స్లాటు యాక్ 3లో పడుతుంది, అది ఎస్ స్లాటు, యాక్‌కు చాలినన్ని అప్‌లింక్ సింబల్స్ (స్లాటులోని చిన్న భాగాలు) లేవనుకుందాం. 2వ స్లాటు యాక్ ఒక్కటే 4లో, అప్‌లింక్‌లో పడుతుంది. అంటే డీ1 పద్ధతిలో మూడింటికి రెండు యాక్‌లు గల్లంతు. బేస్ స్టేషన్‌కు డేటా చేరిందో లేదో తెలియదు, చేరినదాన్నే మళ్లీ పంపాల్సి వస్తుంది. వాయిదా వేస్తే మూడూ 4వ స్లాటులో వెళ్తాయి. ఎక్కువ ఆగినది 0వ స్లాటు యాక్, అదీ 1 మిల్లీసెకనే. ఈ పట్టికను జవాబులో బొమ్మగా పెట్టండి. ఎగ్జామినర్‌కు అయిదు వాక్యాల వాదన కన్నా అయిదు గళ్ల బొమ్మ తొందరగా ఎక్కుతుంది. అయితే ఈ ప్యాటర్న్, కె1 విలువలు మీ స్పెసిఫికేషన్‌లో లేకపోతే దీన్ని వివరణగా మాత్రమే వాడండి, స్పెసిఫికేషన్‌లోకి చొప్పించకండి.

ఇక్కడో చిక్కుంది. పై లెక్క డీ1 మీద గెలుస్తుంది కానీ డీ2 మీద గెలవదు, వాయిదా డీ2లోనూ ఉంది కదా. డీ2 మీద మీ బలం ప్రాసెస్ నంబరు సంగతే. హద్దు లేకుండా యాక్ ఆగుతూ పోతే, ఈలోగా అదే నంబరు మీద కొత్త ట్రాన్స్‌పోర్ట్ బ్లాక్ (డేటా ముక్క) వస్తుంది. తర్వాత వెళ్లిన యాక్ పాత బ్లాకుదా కొత్తదా అన్నది బేస్ స్టేషన్‌కు తేలదు. కొత్తది అందకపోయినా అందిందని పొరబడే వీలుంది. ఈ లోపం డీ2 పరిష్కరించిందా, కనీసం గుర్తించిందా అని వాక్యం వాక్యం చూడండి. లేదని తేలితే మీ ఇన్వెంటివ్ స్టెప్ వాదన మొత్తం దీని మీదే నిలబెట్టండి. సెక్షన్ 2(1)(జెఏ) అడిగేది ఇప్పటికే ఉన్న పరిజ్ఞానంతో పోలిస్తే సాంకేతిక ముందడుగు, లేదా ఆర్థిక ప్రాముఖ్యం, లేదా రెండూ, వాటితోపాటు ఆ రంగంలో నిపుణుడికి అది తేలిగ్గా తట్టేది కాకపోవడం. ఇందులో మొదటిది చాలు, మార్కెట్ లెక్కల జోలికి వెళ్లకండి.

డీ2 తేదీ కూడా తప్పకుండా తనిఖీ చెయ్యాలి. త్రీజీపీపీ పత్రం మీద ముద్రించి ఉండేది సమావేశం తేదీ. అది ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తేదీ సర్వర్‌లో జిప్ ఫైల్ పెట్టిన రోజు, సాధారణంగా సమావేశానికి ముందే. ఆ సమావేశపు పత్రాల జాబితా ఎక్సెల్‌లో నంబరు రిజర్వ్ చేసిన తేదీ, అప్‌లోడ్ తేదీ వేర్వేరు గళ్లలో ఉంటాయి. కావలసింది రెండోది. ఎఫ్ఈఆర్‌లో సమావేశం తేదీ రాసి ఉంటే అది మీకు అనుకూలంగానూ ఉండొచ్చు, వ్యతిరేకంగానూ ఉండొచ్చు. వాదన కాగితం మీద పెట్టేముందే తెలుసుకోండి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం సొంత పత్రం. మీ కంపెనీయే అదే ఆలోచనను త్రీజీపీపీకి ఇచ్చి ఉంటే, ప్రొవిజనల్ వేసిన రోజు, అప్‌లోడ్ అయిన రోజు పక్కపక్కన రాసుకోండి. "ప్రొవిజనల్ ముందే వేశాం, భయం లేదు" అనుకుంటే సరిపోదు. క్లెయిమ్‌కు ప్రొవిజనల్ తేదీ దక్కాలంటే ఆ క్లెయిమ్‌లోని విషయం ప్రొవిజనల్‌లో సరిపడా ఆధారంతో కనిపించాలి. వాయిదా అన్న ఆలోచన మాత్రమే ప్రొవిజనల్‌లో ఉండి, హద్దు, రద్దు నియమం కంప్లీట్ స్పెసిఫికేషన్‌లో కొత్తగా చేరి ఉంటే, ఆ క్లెయిమ్‌కు కంప్లీట్ వేసిన తేదీయే లెక్క. మధ్యలో అప్‌లోడ్ అయిన మీ పత్రమే మీకు అడ్డు నిలుస్తుంది. ఒక పేజీ స్లైడ్లను ప్రొవిజనల్ పేరుతో వేసేసే స్టార్టప్‌లకు ఈ దెబ్బ బాగా తగులుతుంది. సెక్షన్ 31 ఉంది కదా అని నమ్ముకోవద్దు. అది ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకు, విద్వత్ సంఘాల ముందు చదివిన వ్యాసాలకు సంబంధించిన మినహాయింపు. ప్రమాణాల సంస్థకు ఇచ్చిన పత్రాన్ని దాని కింద దాచాలనుకోవడం సాహసమే.

ఇక 3(కె). క్లెయిమ్ 1 ఇప్పుడు "నిర్ణయించడం, ఎంచుకోవడం, వాయిదా వేయడం" అన్న మూడు క్రియలతో నడుస్తోంది. ఆ మూడూ కాగితం మీద చేసుకోగల పనులు, ఎగ్జామినర్ అల్గారిథమ్ అన్నాడంటే తప్పు పట్టలేం. అదే క్లెయిమ్‌ను ఫోను వైపు నుంచి వరసగా రాయండి: ట్రాన్సీవర్ (సిగ్నల్ పంపే, అందుకునే భాగం) ద్వారా వాయిదా హద్దును స్లాట్లలో చెప్పే ఆర్‌ఆర్‌సీ (నెట్‌వర్క్ ఫోనుకు సెట్టింగులు చెప్పే) సందేశాన్ని అందుకోవడం, ఒక స్లాటులో డేటాను అందుకోవడం, కె1 చెప్పిన స్లాటులో పీయూసీసీహెచ్ (యాక్ వెళ్లే అప్‌లింక్ చానెల్) సింబల్ డౌన్‌లింక్ సింబల్‌తో ఢీకొన్నప్పుడు, హద్దు లోపల తగిన తొలి స్లాటును ఎంచుకోవడం, అదే ప్రాసెస్ నంబరుతో కొత్త డేటా రాకపోతేనే ఆ స్లాటులో యాక్‌ను పీయూసీసీహెచ్ మీద ప్రసారం చేయడం. మొదట్లో, చివర్లో గాలిలో నిజంగా వెళ్లే సిగ్నల్ ఉంది, మధ్యలోని నిర్ణయం ఆ సిగ్నల్ ఎప్పుడు వెళ్లాలో మారుస్తోంది. తర్వాత తీర్పులు చెప్పండి: ఫెరిద్ అల్లానీ కేసు (ఢిల్లీ హైకోర్టు, 2019) "పెర్ సే" (దానంతట అదే) అన్న 3(కె) మాటకు బరువు ఉందని చెప్పింది, మైక్రోసాఫ్ట్ కేసు (2023) సాంకేతిక ఫలితాన్ని చూడమంది, రేథియాన్ కేసు (2023) కొత్త హార్డ్‌వేర్ ఉండాలన్న షరతు పెట్టకూడదంది. కంప్యూటర్ సంబంధిత ఆవిష్కరణల మార్గదర్శకాలు కూడా 2016లో పెట్టిన కొత్త హార్డ్‌వేర్ పరీక్షను 2017లోనే వదిలేశాయి. 2025లో మళ్లీ సవరించారు, తాజా ప్రతినే వాడండి. రెండు పేరాలు చాలు.

పరికరం క్లెయిమ్‌లో "నిర్ణయించే యూనిట్, పంపే యూనిట్" అని ఉంటే మార్చండి. ఆ యూనిట్ల వెనక ఏ నిర్మాణం ఉందో స్పెసిఫికేషన్ చూపించకపోతే అది ఉత్త ప్రోగ్రామే అంటారు. ట్రాన్సీవర్, మెమరీ, వాటికి కలిపిన ప్రాసెసర్ అని రాయండి, బ్లాక్ డయాగ్రంలోని నంబర్లు పక్కన పెట్టండి. రీడబుల్ మీడియం క్లెయిమ్‌ను తీసేయమనే నా సలహా. దాని కోసం పోరాడితే మిగతా మంచి క్లెయిములు కూడా ఆలస్యమవుతాయి.

సవరణలకు సెక్షన్ 59 గీత గీసింది. సవరించిన క్లెయిమ్ ముందున్న క్లెయిముల పరిధి లోపలే ఉండాలి, స్పెసిఫికేషన్‌లో లేని సంగతి చేరకూడదు. ఉదాహరణకు మొదట్లో బేస్ స్టేషన్ క్లెయిమ్ వెయ్యనివాళ్లు దాన్ని జవాబులో చేర్చబోతే అక్కడే ఆగుతుంది. మార్పులు కనబడే ప్రతి, శుభ్రమైన ప్రతి రెండూ ఇవ్వండి. చేర్చిన ప్రతి పదానికీ స్పెసిఫికేషన్‌లో ఏ పేజీ, ఏ వరుస ఆధారమో జవాబులో రాయండి.

ఒకే ఆవిష్కరణ కాదన్న అభ్యంతరంలో సగం తేలిక. ఫోను క్లెయిమ్, బేస్ స్టేషన్ క్లెయిమ్ ఒకే యాక్‌కు రెండు కొసలు. రెండింటిలో ఉన్న ఉమ్మడి లక్షణం (హద్దు, రద్దు) చూపిస్తే సెక్షన్ 10(5) అభ్యంతరం సాధారణంగా తొలగుతుంది. కానీ మీ క్లెయిమ్ 9 వాయిదా ఊసే లేకుండా కోడ్‌బుక్‌లో బిట్ల వరస గురించి చెబుతోంది. దానికి వాదించకండి, తీసి డివిజనల్ (మూల అప్లికేషన్ నుంచి విడదీసిన అప్లికేషన్) వెయ్యండి. మూల అప్లికేషన్ గ్రాంట్ కాకముందే వెయ్యాలి, రెండింటి క్లెయిములు ఒకదాని మీద ఒకటి పడకూడదు. డివిజనల్‌కు పరీక్ష అభ్యర్థన విడిగా కావాలి: ప్రయారిటీ తేదీ (మొదటి అప్లికేషన్ వేసిన తేదీ) నుంచి 31 నెలలు, లేదా డివిజనల్ వేసిన రోజు నుంచి 6 నెలలు, ఏది తర్వాత వస్తే అది. స్టార్టప్‌కు ఆన్‌లైన్‌లో మామూలు అభ్యర్థన 4,000 రూపాయలు, ఫారం 18ఎ తో త్వరిత పరీక్ష 8,000.

హియరింగ్ నోటీసు వస్తే అందులో మిగిలిన అభ్యంతరాలే ఉంటాయనుకోకండి, కొత్త పత్రం డీ3గా రావచ్చు. హియరింగ్ వాయిదా కావాలంటే కనీసం 3 రోజుల ముందు అడగాలి, ఒక్కోటి 30 రోజులకు మించకుండా రెండుసార్లే ఇస్తారు. హియరింగ్‌కు వెళ్లేముందు ఏ లక్షణం దాకా క్లెయిమ్ కుదించుకోవడానికి మీ కంపెనీ ఒప్పుకుంటుందో లిఖితంగా తేల్చుకోండి. మీ విషయంలో అది హద్దు, రద్దు రెండూ కలిసి ఉండడం. హద్దు ఒక్కటే మిగిల్చి రద్దును డిపెండెంట్ క్లెయిమ్ (మరో క్లెయిమ్ మీద ఆధారపడే క్లెయిమ్) లోకి నెడితే డీ2 మళ్లీ దగ్గరైపోతుంది. హియరింగ్ తర్వాత రాతపూర్వక వాదనకు 15 రోజులే. అందులో కొత్త వాదన ఎత్తుకోకుండా, అక్కడ మాట్లాడిన వరసలోనే రాయండి.

తిరస్కరిస్తే ఒక నెలలో ఫారం 24తో రివ్యూ, లేదా 3 నెలల్లో సెక్షన్ 117ఎ కింద హైకోర్టుకు అప్పీలు. 2021లో ఐపీఏబీ (మేధో హక్కుల అప్పీళ్లు వినే బోర్డు) రద్దయింది కాబట్టి ట్రిబ్యునల్ లేదు. మీ అప్లికేషన్ చెన్నై ఆఫీసుది కాబట్టి, కంపెనీ హైదరాబాద్‌లో ఉన్నా అప్పీలు మద్రాసు హైకోర్టుకే వెళ్తుంది.