జ్యూరీ పిలుపు వచ్చింది, జీతం సంగతేంటి?

ప్రశ్న: నాకు కిందటేడు అమెరికా పౌరసత్వం వచ్చింది. టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటాం. ఒక కన్సల్టెన్సీలో డబ్ల్యూ-2 మీద, అంటే వాళ్ల ఉద్యోగిగానే, గంటకు 55 డాలర్లకు పని చేస్తున్నాను. వచ్చే నెల జ్యూరీ డ్యూటీకి (కోర్టులో కేసు విని తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందంలో కూర్చోవడానికి) రమ్మని కౌంటీ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. గ్రీన్‌కార్డు మీదున్న మావారికీ వచ్చాయి. పని చేయని రోజులకు డబ్బులివ్వమని కన్సల్టెన్సీ అంటోంది. అదే వారం రాజమండ్రిలో మా చెల్లెలి పెళ్లి, టికెట్లు కూడా కొనేశాం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీవారి కాగితం సంగతి తేల్చేద్దాం. అక్కడ తప్పు జరిగితే డబ్బుతో పోయేది కాదు. జ్యూరీలో కూర్చోవాలంటే అమెరికా పౌరులై ఉండాలి. గ్రీన్‌కార్డు, హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్లకు అర్హత లేదు. మరి పిలుపెందుకు వచ్చిందంటే, టెక్సాస్‌లో ఓటర్ల జాబితాతో పాటు డ్రైవింగ్ లైసెన్సుల నుంచి కూడా పేర్లు తీస్తారు. (జ్యూరీకి పిలుస్తారని భయపడి ఓటు నమోదు చేసుకోని మనవాళ్లు ఉన్నారు. జేబులో లైసెన్సు ఉన్నాక ఆ తెలివి దండగ.) ‘పౌరుణ్ని కాను’ అన్నచోట గుర్తు పెట్టి గడువులోగా తిప్పి పంపమనండి. పౌరుణ్నని పొరపాటున రాసినా రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తుకు అదే అడ్డం పడుతుంది.

ఇక మీ జీతం. కన్సల్టెన్సీ చెప్పింది వినడానికి కష్టంగా ఉన్నా, నిజమే. జ్యూరీ రోజులకు జీతమివ్వాలని ఫెడరల్ చట్టంలో లేదు, టెక్సాస్‌లో ప్రైవేటు కంపెనీలకూ ఆ నిబంధన లేదు. మసాచుసెట్స్‌లో ఉన్న చుట్టాలు ‘మాకు మూడు రోజులు కంపెనీయే ఇచ్చింది’ అంటే అది అక్కడి చట్టం, మీకు పనికిరాదు. ఓవర్‌టైమ్ లేకుండా స్థిర జీతం తీసుకునే ఎగ్జెంప్ట్ ఉద్యోగి అయితే కథ వేరు. ఆ వారంలో కాస్త పని చేసినా జ్యూరీకి వెళ్లిన రోజుల జీతం కోయకూడదు, కోర్టు ఇచ్చిన ఫీజు మేరకు మాత్రం తగ్గించుకోవచ్చు. మీది గంటల లెక్క కాబట్టి ఆ రక్షణ మీకు అందదు.

టెక్సాస్ కోర్టులు 2023 సెప్టెంబరు నుంచి మొదటి రోజుకు 20 డాలర్లు, తర్వాత రోజుకు 58 డాలర్లు ఇస్తున్నాయి. మూడు రోజులు కూర్చున్నారనుకోండి. మీ సంపాదన 1320 డాలర్లు పోతుంది, కోర్టు నుంచి 136 వస్తుంది, చేతి నుంచి పడేది 1184. అయితే మొదటి రోజే ఎంపిక కాక ఇంటికొచ్చేసేవాళ్లు చాలామంది. కాబట్టి 1200 డాలర్లు పక్కన పెట్టుకుని నిశ్చింతగా ఉండండి. ఈమాత్రం దానికి క్రెడిట్ కార్డు గీకే పరిస్థితి ఉంటే మీ అసలు సమస్య జ్యూరీ కాదు, ఎమర్జెన్సీ ఫండ్ లేకపోవడం.

ఉద్యోగం తీసేస్తారని భయమా? జ్యూరీకి వెళ్లినందుకు శాశ్వత ఉద్యోగిని తీసేస్తే టెక్సాస్ చట్టం ప్రకారం ఏడాది నుంచి ఐదేళ్ల జీతం దాకా పరిహారం కట్టాల్సి వస్తుంది. 1099 ఫారం మీద సొంతంగా చేసేవాళ్లకు ఈ గొడుగు లేదు, మీరు డబ్ల్యూ-2 కావడం నయం. సమన్ల కాపీని ఇవాళే హెచ్ఆర్‌కు ఈమెయిల్ చేయండి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు.

పెళ్లి మానుకోనక్కర్లేదు. వాయిదా ఎలా కోరాలో సమన్ల మీదే ఉంటుంది. టికెట్ల కాపీ జతచేసి, గడువు దాటకముందే అడగండి. కొత్త తేదీ మాత్రం ఇండియా నుంచి తిరిగొచ్చిన వారానికే పెట్టుకోకండి. ప్రయాణం వల్ల ఎలాగూ జీతం తెగిన నెలలో ఇంకో కోత ఎందుకు? ఒక ప్రాజెక్టు ముగిసి ఇంకోటి మొదలయ్యే సందు దొరికితే అంతకన్నా మంచి తేదీ లేదు.

జ్యూరీ ఫీజు చిన్నదైనా ఆదాయమే, పన్ను రిటర్న్‌లో షెడ్యూల్ 1లో చూపాలి. కంపెనీ జీతమిచ్చి ఫీజు తీసుకుంటే, ఆ మొత్తాన్ని అదే షెడ్యూల్‌లో తగ్గించుకోవచ్చు.

ఇంకొకటి. ‘జ్యూరీకి రాలేదు, వారెంటు ఉంది, గిఫ్ట్ కార్డుతో జరిమానా కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసం. కోర్టులు అలా ఫోన్లో డబ్బడగవు. పెట్టేసి, సమన్ల మీదున్న నంబరుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి.