హార్ట్‌వుడ్ అడవిలో బ్లూబెల్స్ కనబడలేదా? వెతకాల్సిన చోటు వేరు

లండన్ నుంచి చిన్నపిల్లలతో, స్ట్రోలర్‌తో హార్ట్‌వుడ్ ఫారెస్ట్‌కి బ్లూబెల్స్ (వసంతంలో అడవి నేలంతా పరుచుకునే నీలిపూలు) చూడ్డానికి వెళ్దామనుకుంటున్నామని, పోయినేడు వెళ్లొచ్చిన స్నేహితులు "అంతా గడ్డే, ఒక్క బ్లూబెల్ కూడా లేదు" అన్నారని రాశారు. పిల్లలతో మొక్కలు నాటించవచ్చా అని కూడా అడిగారు.

మీ స్నేహితులు కొత్త అడవిలోనే తిరిగి వచ్చేసుంటారండీ. సెయింట్ ఆల్బన్స్ పక్కనున్న ఈ 858 ఎకరాలను అడవుల్ని కాపాడే స్వచ్ఛంద సంస్థ వుడ్‌ల్యాండ్ ట్రస్ట్ 2008లో కొనేనాటికి చాలావరకు సాగుభూమి. 2009 నుంచి 2018 దాకా వాలంటీర్లు, బడిపిల్లలు కలిసి దాదాపు 6 లక్షల మొక్కలు నాటారు. అయితే ఆ పొలాల మధ్య దున్నకుండా మిగిలిన పాత అడవి ముక్కలు కొన్ని ఉన్నాయి: లాంగ్లీ వుడ్, పడ్లర్స్ వుడ్, పిస్‌మైర్ స్ప్రింగ్ లాంటివి. బ్లూబెల్స్ ఉండేది వాటిలోనే. మ్యాప్‌లో నేరుగా లాంగ్లీ వుడ్ పెట్టుకుని నడవండి.

కొత్త అడవిలో ఎందుకు లేవంటే, బ్లూబెల్ గింజ తల్లిమొక్క పక్కనే రాలిపోతుంది. గాలికి ఎగరదు, పిట్టలు మోసుకుపోవు. మొలిచిన గింజ పువ్వు పూయడానికి అయిదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. పైగా ఏళ్లతరబడి ఎరువులు వేసిన నేలలో భాస్వరం అంత తొందరగా పోదు. ఆ బలానికి గడ్డి, నెటిల్స్ (ముట్టుకుంటే మంటపెట్టే కలుపుమొక్కలు) ఏపుగా పెరిగి మిగతావాటిని నొక్కేస్తాయి. చెట్ల కొమ్మలు కలిసి నీడ చిక్కబడితేగాని గడ్డి తగ్గదు. అలాగని కొత్త అడవి చూడక్కర్లేదని కాదు, పంటచేను అడవిగా మారే పని కళ్లెదుట జరుగుతున్న చోటు అది.

పాత అడవిలోకి అడుగుపెట్టారని కిందికి చూస్తే తెలిసిపోతుంది. గడ్డి ఆగిపోయి ఎండుటాకుల మెత్తటి నేల వస్తుంది. మొదళ్లు లావుగా, ఒక వరస లేకుండా ఉంటాయి. కొత్త భాగంలో సన్నటి కాండాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. అసలైన ఇంగ్లిష్ బ్లూబెల్‌కి కాడ ఒకవైపుకి వంగి, పూలు ఆ పక్కకే వేలాడతాయి. పువ్వు లోపలికి చూస్తే పుప్పొడి మీగడ రంగులో ఉంటుంది. తోటల్లో పెంచే స్పానిష్ రకానికి కాడ నిటారుగా, పుప్పొడి నీలంగా ఉంటుంది.

వెళ్లాల్సింది ఏప్రిల్ చివర, మే మొదట్లో. చలి ఎక్కువున్న ఏడాది ఇంకాస్త ఆలస్యమవుతుంది. ఫొటోలకు మబ్బు పట్టిన రోజే మంచిది, ఎండలో ఆ నీలం వెలిసిపోయినట్టు పడుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పిల్లల్ని పూల మధ్యలో కూర్చోబెట్టి ఫొటో తీయకండి. ఆకు నలిగితే నేలలోని గడ్డకు ఆహారం అందదు, ఆ చోటు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. పిల్లల్ని బాట అంచునే కూర్చోబెట్టి, ఫోన్‌ను పూల ఎత్తుకు దించి తీస్తే ముందూ వెనకా నీలమే పడుతుంది. మొక్కలో ప్రతి భాగమూ విషమే కాబట్టి నోట్లో పెట్టుకోనివ్వకండి. గడ్డలు పీకడం 1981 నాటి చట్టం కింద నేరం.

సెయింట్ పాంక్రాస్ నుంచి సెయింట్ ఆల్బన్స్ సిటీకి ఫాస్ట్ ట్రైన్‌లో 20 నిమిషాలు, అక్కణ్ణుంచి శాండ్రిడ్జ్ ఊరు మూడు మైళ్లు. కారైతే పార్కింగ్ ఆ ఊరి చివరే, బి651 రోడ్డు పక్కన. పూల సీజన్‌లో శని, ఆదివారాలు పొద్దున్నే చేరుకోండి. ప్రవేశానికి డబ్బుల్లేవు. లోపల టాయిలెట్ ఉంటుందనుకుని వెళ్లకండి. పులిహోర డబ్బాలో కట్టుకెళ్లి తినొచ్చు, పొయ్యి, బార్బెక్యూ మాత్రం కుదరదు.

అక్కడిది చెకుముకి రాళ్లు కలిసిన బంకమన్ను. వాన పడితే స్ట్రోలర్ చిన్న చక్రాలకు ముద్దలా పట్టుకుని తిరగనివ్వదు. పసిబిడ్డ ఉంటే క్యారియర్‌లో వేసుకోండి, నడిచే పిల్లలకి వెల్లీస్ (పొడుగు రబ్బరు బూట్లు) వేయండి.

పొడుగు గడ్డిలో పిడుదులు, అదే టిక్స్, ఉండొచ్చు. నిండు ప్యాంటు వేసి, అంచు సాక్సులోకి దోపండి. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు మొదట్లో చూడండి. పట్టుకుని ఉంటే సన్న ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టి, నిదానంగా నిటారుగా లాగాలి. నూనె పూయడం, కాల్చడం వద్దు. తర్వాతి వారాల్లో ఎర్రటి మచ్చ వలయంలా పెరిగితే జీపీకి (మీ ఫ్యామిలీ డాక్టర్‌కి) చూపించాలి, లైమ్ వ్యాధి కావచ్చు. వేసవి మొదట్లో గడ్డిలోకి పరుగెత్తనివ్వకపోవడానికి ఇంకో కారణం, స్కైలార్క్ పిట్టలు గూడు నేలమీదే కడతాయి.

ఇక నాటడం. హార్ట్‌వుడ్‌లో మొక్కలు నాటే ఆ పెద్ద కార్యక్రమం 2018తో పూర్తయింది. ఇంకెక్కడైనా అవకాశం దొరికితే నవంబర్ నుంచి మార్చి లోపు, మొక్క నిద్రలో ఉన్నప్పుడే. మట్టిలేని వేళ్లతో మోకాలెత్తు మొక్కలిస్తారు. పారతో చీలిక చేసి, వేళ్లు మడత పడకుండా దింపి, నర్సరీలో మట్టి ఎక్కడిదాకా ఉందో కాండం మీద కనిపించే గుర్తు నేలకు సమంగా వచ్చేట్టు చూసి, మడమతో తొక్కి బిగించాలి. మొక్కలు చచ్చేది ఎక్కువగా నాటకముందే. పిల్లలు చేతిలో పట్టుకుని ఆడుతుంటే కాసేపట్లోనే వేళ్లు గాలికి ఎండిపోతాయి. చీలిక సిద్ధమయ్యేదాకా మొక్కను సంచిలోంచి తీయనివ్వకండి.