కడుపు మీది మచ్చను బట్టి ఆపరేషన్ తెలుస్తుందా?

ప్రశ్న: మా అమ్మగారికి డెబ్బయ్యేళ్లు. వయసులో ఉండగా రెండు ఆపరేషన్లు జరిగాయి. కుడివైపు పొత్తికడుపు మీద ఏటవాలుగా ఒక మచ్చ, బొడ్డు కింద నిలువుగా మరొకటి ఉన్నాయి. కాగితాలు పోయాయి, ఆవిడకూ వివరాలు గుర్తులేవు. ఇప్పుడు పిత్తాశయంలో రాళ్లకు లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్) చేయాలంటూ, పాతవి ఏ ఆపరేషన్లని డాక్టరుగారు అడుగుతున్నారు. మచ్చలను బట్టి చెప్పగలమా?

జవాబు: కొంతవరకే చెప్పగలం. సర్జన్ ఏ దారిన లోపలికి వెళ్లారో మచ్చ చెబుతుంది గాని, లోపల ఏం తీశారో చెప్పదు.

ఏటవాలు మచ్చ విషయంలో ఊహకు బలముంది. బొడ్డు నుంచి కుడి తుంటి ఎముక ముందు మొన వరకు ఒక గీత ఉందనుకుని దాన్ని మూడు భాగాలు చేస్తే, బయటి భాగం మొదలయ్యే చోటును మెక్‌బర్నీ బిందువు అంటారు. మచ్చ దాని మీదుగా పోతుంటే అది చాలావరకు అపెండిక్స్ ఆపరేషన్‌దే. అమెరికన్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ 1894లో వివరించిన ఆ కోతలో కండరాలను తెగ్గోయకుండా పోగుల వెంట విడదీస్తారు. మచ్చ ఇంకా కిందికి, గజ్జ ముడతకు సమాంతరంగా ఉంటే మాత్రం అది హెర్నియా (కండరాల సందులోంచి పేగు బయటికి ఉబ్బడం) ఆపరేషన్‌దని అనుమానించాలి.

నిలువు మచ్చతోనే చిక్కు. బొడ్డు కింద నడిమధ్య కోసి సిజేరియన్ చేయవచ్చు, గర్భసంచినో అండాశయంలోని గడ్డనో తీయవచ్చు, పేగులో అడ్డు తొలగించవచ్చు, పగిలిన అపెండిక్స్‌నూ తీయవచ్చు. ఇక్కడ మచ్చకన్నా అమ్మగారి జ్ఞాపకమే మేలు. ఆ ఆపరేషన్ కాన్పు కోసమా, దాని తర్వాత నెలసరి పూర్తిగా ఆగిపోయిందా అని అడగండి. ఆపరేషన్ పేరు మరిచినవారికీ ఈ సంగతులు గుర్తుంటాయి. గర్భసంచి ఉందో లేదో స్కానింగ్‌లో తెలుస్తుంది. అపెండిక్స్ తీసేశారా అన్నది స్కానింగ్‌లో అంత కచ్చితంగా తేలదు.

పెద్ద మచ్చ పక్కన గుండ్రటి చిన్న మచ్చ కనిపిస్తే దాన్ని మూడో ఆపరేషన్‌గా లెక్కించకండి. చీము, నీరు బయటికి రావడానికి పెట్టిన గొట్టం గుర్తు కావచ్చు.

ఇంకా బిడ్డను కనబోయే పాఠకులకు ఒక మాట. పొత్తికడుపు కింద అడ్డంగా ఉండే సిజేరియన్ మచ్చ చర్మం మీది కోతనే చూపుతుంది. లోపల గర్భసంచి పైభాగాన్ని నిలువుగా కోసి ఉంటే, తర్వాతి కాన్పు నొప్పుల్లో అది చిట్లే ప్రమాదం ఎక్కువ. కాబట్టి డిశ్చార్జ్ కాగితం భద్రపరచుకోవలసిందే.

పేర్లు తేలకపోయినా మచ్చలు ఎక్కడున్నాయో డాక్టరుగారికి చూపిస్తే చాలా ఉపయోగం. పాత కోతల లోపలివైపు పేగు అతుక్కుని ఉండవచ్చు కనుక, లాపరోస్కోపీకి తొలి రంధ్రం బొడ్డు దగ్గర కాకుండా ఎడమ పక్కటెముకల కింద వేయాలని సర్జన్ నిర్ణయించుకోవచ్చు. అమ్మగారు నిలబడి దగ్గినప్పుడు నిలువు మచ్చ దగ్గర ఉబ్బు వస్తోందేమో కూడా గమనించండి. వస్తుంటే అది కోత చోట ఏర్పడిన హెర్నియా కావచ్చు, ఆ సంగతీ ముందే చెప్పండి.