ముందు ట్యాంకు మూత చూడండి

అన్నా, దేవరకొండలో ఒక్క కిక్కుకే అందుకునే మీ 100 సీసీ బండి కొండమల్లేపల్లి దాటాక ఆగిపోయి, పది నిమిషాలు నిలబెడితే మళ్లీ కదులుతోందన్నారు. దయచేసి అప్పుడే కార్బొరేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజనుకు పంపే భాగం) విప్పించకండి. ట్యాంకు మూతలో సన్నని గాలి రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో పూడుకుపోతే, పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి చేరక ధార సన్నగిల్లి ఆగిపోతుంది. నా పాత బండి ఇలాగే నెల రోజులు ఏడిపించింది.

ఈసారి ఆగిన వెంటనే మూత తెరవండి. ‘సుయ్’మని గాలి లోపలికి పోయి, బండి అప్పటికప్పుడే అందుకుంటే దోషం అక్కడే. సన్నని తీగతో రంధ్రం శుభ్రం చేసి, అందులోకి గాలి కొట్టించండి, చాలు. అలా కాకపోతే, మూత గట్టిగా బిగించి, ఇంజను వేడిగా ఉండగానే ప్లగ్గు నిప్పురవ్వ చూడండి. రవ్వ బలహీనంగా ఉంటే ముందు ప్లగ్గు మార్చండి, తర్వాతే ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్.